వాగ్దాన కార్డు వెనకవైపు

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగిశాక మన తెలుగు చర్చిల్లో కార్డుల పళ్లెం తిరుగుతుంది. అరచేతిలో ఇమిడే అట్ట ముక్క, దాని మీద ఒక వచనం, కింద సంఘం పేరు, కొత్త సంవత్సరం అంకె. కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటాం. గుమ్మం దాటేలోపే "నీకేం వచ్చింది?" అని ఒకరినొకరం అడుగుతాం. పెళ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ వచనాన్ని ఒక తీరుగా చదువుకుంటారు. కోర్టులో భూమి తగాదా నలుగుతున్న ఇంట్లో ఇంకో తీరుగా చదువుకుంటారు. ఏడాది పొడుగునా అది బైబిల్లోనో, బీరువా అద్దం మూలనో ఉంటుంది.

నాకు ఈ అలవాటంటే ఇష్టం. చదువుకున్నవాళ్లలో కొందరు దీన్ని చీటీలు తీయడమని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. దాదాపు మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలో, హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో ఇలాంటిదే ఒకటి మొదలైంది. సొంత నేల వదిలివచ్చిన మొరేవియన్ విశ్వాసులకు ఆశ్రయమిచ్చిన జిన్‌జెన్‌డార్ఫ్, 1728 మే నెలలో ఒక సాయంత్రం మర్నాటి కోసం వాళ్లకొక మాట ఇచ్చి పంపాడు. తర్వాత అది రోజూ సాగింది. 1731 నుంచి ఏడాదికి సరిపడా వచనాలు పుస్తకంగా అచ్చవుతున్నాయి. అందులోని పాత నిబంధన వచనాలను ఇప్పటికీ చీటీ వేసే ఎంచుతారు. అయితే ఆ తొలి రోజుల్లో వచనాన్ని మనిషి మోసుకొచ్చేవాడు. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి ఆ రోజు మాట చెప్పి, ఆ ఇంటివాళ్లు ఎలా ఉన్నారో కనుక్కుని వెళ్లేవాడు. మన పళ్లెంలో వచనం ఉంది, కనుక్కునే మనిషి లేడు.

మా అమ్మ కార్డు వెనక రాసేది. ముందువైపు వచనం గురించి ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఏడాది కొంత నడిచాక, తన చేతికి ఏ పని వచ్చిందో తెలిశాక, కార్డు తిప్పి బాల్‌పెన్నుతో రెండు ముక్కలు రాసి పెట్టేది. "అత్తయ్యకు చూపు తగ్గింది. సాయంత్రం కీర్తనలు చదివి వినిపించాలి." ఇంకో ఏడాది కార్డు వెనక, "చిన్నోడు హాస్టలుకు వెళ్లాడు. వారం వారం ఉత్తరం రాయాలి." నాన్నకు పక్షవాతం వచ్చిన ఏడాది, "అన్నం నేనే తినిపించాలి. తొందరపెట్టకూడదు."

ఆమె పోయాక ఆ కార్డులున్న బైబిలు నా దగ్గరకు వచ్చింది. ఆ కార్డుల్లో ఎక్కడా వాగ్దానం నెరవేరిందని రాసి లేదు. నెరవేరలేదనీ లేదు. ఆ ఏడాది దేవుడు తన ముందు ఏం పెట్టాడో అదొక్కటే ఉంది. దేవుని చిత్తం తెలుసుకోవడం ఎలా అని నేను చాలా ప్రసంగాలు విన్నాను. వాటన్నిటికంటే ఆ వెనకవైపు రాతలే నాకు ఎక్కువ నేర్పాయి. అప్పటి నుంచి నేనూ రాస్తున్నాను.

దేవుని చిత్తాన్ని మనం రేపటికి ముడిపెట్టేశాం. ఏ కోర్సు చదవాలి, ఏ సంబంధం చేసుకోవాలి, ఏ దేశం వీసా వస్తుంది, వీటి ముందు ఉపవాసముండి ప్రార్థిస్తాం. మంచిదే. కాని కాలం అడ్డం తిరిగి, అనుకున్నది చెయ్యి జారినప్పుడు కంగారుపడతాం. ఈ గడ్డుకాలం ఎప్పుడు గడుస్తుందా, ఆయన మన కోసం దాచిన అసలు జీవితం ఎప్పుడు మొదలవుతుందా అని క్యాలెండరు వైపు చూస్తాం. నా నమ్మకం ఒకటే. ఉన్న కాలంలో చేయాల్సిన పనిలోనే ఆయన ఉద్దేశం దొరుకుతుంది. దాని కోసం కాలం మారేదాకా ఆగనక్కర్లేదు.

కార్డుల మీద తరచూ కనిపించే యిర్మీయా 29:11 నాకు ఈ మాటే చెబుతుంది. దేవుడు తన ప్రజలకు మేలే తలపెట్టాడనీ, వాళ్లకు రేపటి మీద ఆశ ఉందనీ చెప్పే వచనం అది. అది ఒక ఉత్తరంలోని మాట. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము రాజునూ, అధికారులనూ, చేతిపనివాళ్లనూ బబులోనుకు చెరపట్టుకుపోయాడు. రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు ప్రకటించాడు. బబులోనుకు లొంగాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. యిర్మీయా మాత్రం బబులోనుకు రాసిన ఉత్తరంలో డెబ్బై ఏళ్లని చెప్పాడు. ఆ డెబ్బై ఏళ్ల మాట పదో వచనంలో ఉంది. పదకొండోది కార్డు మీదికి వచ్చింది, పదోది రాలేదు.

డెబ్బై ఏళ్లంటే, ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో దాదాపు ఎవరూ సొంత ఊరు మళ్లీ చూడరు. వాళ్లను యిర్మీయా ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోమన్నాడు. తోటలు వేసి వాటి ఫలం తినమన్నాడు. పిల్లలకు పెళ్లిళ్లు చేయమన్నాడు. తమను చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు. ఇవన్నీ చెప్పాకే మేలు తలపెట్టానన్న మాట వస్తుంది. గల్ఫ్‌లో, అమెరికాలో వీసా గడువులు లెక్కపెట్టుకుంటూ, ఇది మన ఊరు కాదులే అని పెట్టెలు సగం సర్దుకునే బతుకుతున్న మన పిల్లలు ఈ ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవాలని నా కోరిక.

"ఇది నీ సంవత్సరం, ఈ నెలే నీ నెల" అని వేదికల మీద నుంచి పలికే సేవకులను విన్నప్పుడు నాకు హనన్యా గుర్తొస్తాడు. వాళ్లలో చాలామంది ప్రేమతోనే అంటారని తెలుసు. కాని రెండేళ్లలో వెళ్లిపోతామని నమ్మినవాడు తోట వేయడు. వాళ్ల మాటల్లోని హాని అదే.

నా సంగతి ఒకటి చెబుతాను. చిన్నప్పటి నుంచి క్వైర్‌లో పాడినవాణ్ణి. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు మారిపోయింది. పై స్థాయి పూర్తిగా పోయింది, కింది స్థాయిలోనూ బొంగురే. ఆ ఏడాది నాకు వచ్చిన కార్డు మీద కొత్త పాట గురించిన కీర్తన వచనం ఉంది. చాలాకాలం దాన్ని వెనక్కి తిప్పలేకపోయాను. క్వైర్ బెంచీ వదిలి జనంలో కూర్చోవడం మొదలయ్యాక ఒక విషయం చెవిన పడింది. మన పిల్లలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు రావడం లేదు. కీబోర్డు మీద వచ్చే కొత్త పాటలు హుషారుగా పాడతారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన అందుకోగానే పెదాలు మాత్రం కదుపుతారు. పుస్తకంలో ఆ కీర్తనల మీద రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉన్నాయి, అవేమిటో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

సండే స్కూలు అయ్యాక కొందరిని కూర్చోబెట్టి ఆదితాళం వేయించడం మొదలుపెట్టాను. పాడి చూపించలేను కనుక మా సంఘంలోని ఒక పెద్దావిడ చేత పాడిస్తాను. ఆమెకు అక్షరాలు రావు. కీర్తనలు మాత్రం అన్ని చరణాలూ కంఠస్థం. క్వైర్, స్పీకర్ల హోరులో ఇన్నాళ్లూ ఆమె గొంతు ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు పిల్లలు ఆమె నోటి వంకే చూస్తూ నేర్చుకుంటున్నారు. కార్డు వెనక "పిల్లలకు తాళం" అని రాశాను.

నా గొంతు తిరిగి రాలేదు. పిల్లలకు పాట నేర్పించడం కోసమే దేవుడు దాన్ని తీసుకున్నాడని నేను అనను. ఎవరైనా అంటే ఒప్పుకోను. జబ్బు జబ్బే. చావింటికి వెళ్లి "ఇందులో దేవుని ఉద్దేశం ఉందమ్మా" అని చెప్పి వచ్చేవాళ్లు ఆ తల్లికి ఓదార్పు ఇవ్వరు, ఆమె దుఃఖం మీద ఇంకో బరువు పెడతారు. వచ్చిన కష్టానికి కారణం చెప్పగలగడం వేరు, ఆ కష్టంలో చేయాల్సిన పనిని గుర్తుపట్టడం వేరు. మొదటిది నాకు చేతకాదు. రెండోది ప్రార్థనతో నేర్చుకోవచ్చు.

ఒంగోలు సంఘ చరిత్ర నాకు ఇందుకే ప్రియమైనది. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1836లో మన దేశం వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు కొద్దిమందే. 1853లో అమెరికాలో ఆ మిషన్‌ను మూసేద్దామన్న చర్చ వచ్చింది. శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ మిషన్‌ను ఒంటరి నక్షత్రంగా చెబుతూ ఒక పద్యం రాశాడు. అది పెద్దల మనసు కదిలించింది, లోన్ స్టార్ మిషన్ అన్న పేరూ నిలిచింది. 1854 జనవరి 1 ఉదయం ఆ మిషన్‌కే చెందిన లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడిగా జాన్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో.

1876లో వానలు తప్పాయి. మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్నది దాన్నే. క్లౌ వచ్చింది సువార్త ప్రకటించడానికి. ఎదురుగా జనం ఆకలితో పడిపోతున్నారు. ఆయన కుర్రతనంలో అమెరికాలో భూముల సర్వే పని చేసిన మనిషి. కరువు పనిగా మద్రాసు ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్లు కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆయన దగ్గరున్న తెలుగు బోధకులే మేస్త్రీలయ్యారు. ఎక్కడికి వెళ్లినా చిన్నచూపు తప్పని మాదిగ, మాల కుటుంబాలకు అక్కడ పని దొరికింది, కూలీ చేతికందింది. మట్టి మోసి సేదతీరే వేళ బోధకులు వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేవారు. బాప్తిస్మం ఇమ్మని అడిగితే మాత్రం క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం చేరేవాళ్లతో సంఘం నింపకూడదని పదిహేను నెలలు ఆపేశాడు. సహాయం పంచడం ముగిశాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్లలో నిలబడి ఇచ్చారు.

ఆ అంకెను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకు దానికంటే ఆ పదిహేను నెలలే గొప్పగా కనిపిస్తాయి. బాప్తిస్మాల పుస్తకంలో ఒక్క పేరూ చేరని నెలలవి. సంఘాన్ని పెంచడానికే దేవుడు కరువు పంపాడని చెప్పేవాళ్లున్నారు. లక్షల మంది ప్రాణాలు తీసిన కరువు గురించి నేనా మాట అనలేను. కాలువ గట్టున అన్నం, కూలీ, మర్యాద రూపంలో దేవుని పని జరిగిందని మాత్రం ధైర్యంగా చెప్పగలను. ఇక మొదట నెల్లూరులో నాగలి పట్టిన శామ్యూల్ డే? ఆరోగ్యం చెడి 1853లో అమెరికా వెళ్లిపోయాడు, 1871లో చనిపోయాడు. గుండ్లకమ్మ ఒడ్డున జరిగింది ఆయన చూడలేదు. చూడనంత మాత్రాన నెల్లూరులో ఆయన గడిపిన ఏళ్లు దేవుని ఉద్దేశానికి బయట ఉన్నాయని ఎవరనగలరు?

ప్రసంగి మూడో అధ్యాయాన్ని మన ఇళ్లలో జ్ఞాపకార్థ కూడికలప్పుడు చదువుతారు. పుట్టడం, చావడం మొదలుకొని పద్నాలుగు జంటల సమయాలు. సాధారణంగా ఎనిమిదో వచనంతో పుస్తకం మూసేస్తారు. పదకొండు దాకా వెళ్లాలి. ప్రతిదానికీ దాని కాలంలో అందం ఉందని ఒప్పుకుంటూనే, దేవుడు చేసేదాన్ని మొదలు నుంచి తుదివరకు మనిషి కనుక్కోలేడని ఆ జ్ఞాని అక్కడ నిక్కచ్చిగా చెబుతాడు. ఇది నన్ను కుంగదీయదు, ఊరటనిస్తుంది. సంక్రాంతికి ధాన్యం ధర ఎంత పలుకుతుందో తెలిసేదాకా మృగశిరలో రైతు దుక్కి ఆపడు. అంతా తెలుసుకున్నాకే కదలమని దేవుడు నన్నూ అడగలేదు.

ఇప్పుడు పాస్టరు గార్లకు ఒక విన్నపం. సాక్ష్యాల సమయంలో మనం మైకు ఎవరికి ఇస్తున్నాం? ఉద్యోగం వచ్చినవాళ్లకు, స్కానింగులో గడ్డ కనపడకుండా పోయినవాళ్లకు, పదేళ్ల తర్వాత బిడ్డ కలిగినవాళ్లకు. వాళ్ల సంతోషం సంఘమంతటిదీ, వాళ్లు తప్పకుండా చెప్పాలి. కాని డయాలసిస్‌కు వెళ్లొస్తున్న అన్నయ్య, పిల్లలు లేకుండానే యాభై దాటిన అక్కయ్య, భర్త పోయాక మిషన్ కుట్టి కొడుకును చదివిస్తున్న వదిన వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. వాళ్ల కాలం మారలేదు. మారని కాలంలో దేవునితో నడిచినవాళ్ల సాక్ష్యం మిగతావాళ్లందరికీ ఇంకా అవసరం, ఎందుకంటే ఆ కాలం ఎప్పుడో ఒకప్పుడు అందరి ఇంటికీ వస్తుంది.

మా సంఘంలో ఒక ఆదివారం అలాంటి ఆమెను మాట్లాడమన్నారు. "నేను అడిగింది ఇంకా రాలేదయ్యగారూ. మా పక్కింటి ముసలమ్మకు మాత్రం రోజూ ఇన్సులిన్ నేనే వేస్తున్నాను. నేను వెళ్లేదాకా ఆమె టిఫిను ముట్టదు. అందుకు దేవునికి స్తోత్రం" అని చెప్పి కూర్చుంది.

ఏడాది మధ్యలో ఒక ఆదివారం సాక్ష్యాలన్నీ ఇలాంటివాళ్లకే కేటాయించండి. ఏం పొందారని అడగకండి, ఈ ఏడాది దేవుడు మీ చేతిలో ఏ పని పెట్టాడని అడగండి. మంచం దిగలేనివాళ్లుంటే ఇద్దరిని వాళ్లింటికి పంపండి, విని వచ్చి సంఘానికి చెప్పమనండి.