పిలిచినవారెవరు?

ప్రోగ్రెసివ్ రాక్ అను పేరున 1960వ దశాబ్ది తుదిని ఇంగ్లండున వెలసి, నేడు నెరసిన తలలతో వేదికలెక్కుచున్న పూర్వతరపు బృందములను, గిటారుల ఘోషయే ప్రాణముగా గల మెటల్ ఉత్సవములకు పిలుచుట తగునా తగదా యను ప్రశ్న, అరకులోయలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ త్రాగుచు చర్చింపదగినది కాదని పాఠకులలో కొందరికి తోచవచ్చును. కాని బెంగుళూరున ఉద్యోగము చేయుచు, శీతకాలపు సెలవులకు నాతోకూడ ఈ లోయకు వచ్చు మా మేనల్లునికి ఆ సంగీతమన్న వల్లమాలిన ప్రీతి. కొత్తవలస దాటి కిరండూల్ రైలు కొండలెక్కుచున్నంతసేపును, సొరంగము వెంట సొరంగము వచ్చి మాటను మింగివేయుచున్నను, వాడు ఆ వాదమును విడువడు. "మామయ్యా, అక్కడికొచ్చేవాళ్లు తల ఊపడానికొస్తారు. తాళం లెక్కపెట్టుకోడానికి కాదు. పాపం ఆ ముసలాళ్లని ఎందుకు తీసుకొచ్చి నిలబెట్టడం?" అని వాని పక్షము. హరికథలును, నాదస్వరమును విని పెరిగిన చెవులు గలవాడనగుటచే నాకీ విషయమున తీర్పు చెప్పు అధికారము లేదని వాడనుకొనును. వాని పుణ్యమాయని ఆ రికార్డులన్నియు నేనును వినియుంటిని గనుక, అధికారము లేకున్నను అభిప్రాయము మాత్రము ఏర్పడినది.

వాడు తరచుగా సాక్ష్యమునకు తెచ్చునది జెత్రో టల్ వారి గ్రామీ వృత్తాంతము. 1967లో ఏర్పడిన ఆ బృందమునకు నాయకుడైన ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలిమీద నిలిచి వేణువూదుటచే లోకప్రసిద్ధుడయ్యెను. 1989 ఫిబ్రవరిలో, హార్డ్ రాక్ మెటల్ సంగీతములు రెంటికిని కలిపి అమెరికాలో తొలిసారిగా గ్రామీ పురస్కారమొకటి ఇయ్యబూనినపుడు, అది మెటాలికా బృందమునకు గాక మరెవ్వరికి దక్కునని అందరును ఎదురుచూచుచుండగా, చదువబడిన పేరు జెత్రో టల్. సభలో గేలిచేసినవారును కలరు. తమకు రాదని తలచి ఆ బృందమువారు సభకే పోయియుండలేదు. మరుసటి యేడే పురస్కారమును రెండుగా చీల్చి, మెటల్ భాగమును మెటాలికాకిచ్చిరి. 1992లో మరల పురస్కారమందుకొనుచు ఆ బృందపు డ్రమ్మరు లార్స్ ఉల్రిక్, ఆ యేడు ఆల్బమ్ వెలువరింపనందుకు జెత్రో టల్ వారికి కృతజ్ఞతలు చెప్పి సభనంతయు నవ్వించెను. (వారు 1991లో ఒక ఆల్బమ్ వెలువరించియే యుండిరి, హాస్యమునకు పంచాంగముతో పనిలేదు గదా!) "చూశావా, వేణువుకి అక్కడ పనేమిటి?" అని మావాడు.

అయితే ఆ వేణువునకును మెటల్‌కును గల బాంధవ్యము మావాడు తలచుదానికంటె పాతది. 1968 డిసెంబరులో రోలింగ్ స్టోన్స్ వారు చిత్రీకరించిన సర్కస్ వేషపు కార్యక్రమమొకటి కలదు. అందు జెత్రో టల్ పక్షమున గిటారు పట్టుకొని నిలిచిన యువకుడు టోనీ అయోమీ. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారపు యంత్రమునకు కుడిచేతి రెండువ్రేళ్ల కొనలను బలియిచ్చి, వానికి తొడుగులు తానే చేసికొని వాయించుచుండిన యా కార్మికుడు, జెత్రో టల్‌లో కొలదిదినములు మాత్రమే నిలిచి, స్వస్థలమునకు మరలి, స్నేహితులతో కూడి 1970లో బ్లాక్ సాబత్ పేరున వెలువరించిన ఆల్బమునే మెటల్ సంగీతమునకు ఆదిగ్రంథముగా నెంచుచున్నారు. తరువాత తీగల శ్రుతిని దించుటయు ఆ గాయపడిన వ్రేళ్లకు సుళువు చేయుటకే. ఆ మంద్రధ్వనియే పిదప ఒక సంప్రదాయమై నిలిచినది. ఉదయముననే సాధనకు కూర్చుండవలెనను నియమమును తాను జెత్రో టల్‌వారియొద్ద గ్రహించినట్లు అయోమీయే చెప్పుకొనెను. ఇక కింగ్ క్రిమ్సన్ వారి 1969నాటి తొలి ఆల్బమున మొదటి పాటను విన్నవారు, మెటల్ పుట్టుకకు ముందే మెటల్ పుట్టినదని అనక మానరు. 2001లో టూల్ అను మెటల్ బృందము అమెరికాలో పర్యటించుచు, తమకు ముందు వాయించుటకు ఆ కింగ్ క్రిమ్సన్ వారినే వెంటగొనిపోయినది. కింగ్ క్రిమ్సన్ నాయకుడు రాబర్ట్ ఫ్రిప్ మన కచేరి విద్వాంసునివలె కూర్చుండియే గిటారు వాయించును, నిలుచుండి కేకలువేయు జనము ముందైనను సరే.

కాబట్టి బాంధవ్యమును గురించి సందేహము లేదు. తాతగారు మనుమని పెండ్లికి రావచ్చునా యని అడుగువారుండరు. కాని వంశవృక్షమును చూపి ప్రవేశము సంపాదించుట నాకంతగా రుచింపదు. పూర్వికుడని పిలిచినచో, దండవేసి, రెండుమాటలు పొగడి, నలువది నిమిషములలో దింపివేయుదురు. జెత్రో టల్‌వారి 1972నాటి ఆల్బమున ఇరుపక్కలను కలిపి ఒకే రచన నడచును. అట్టిదానిని ముక్కగా వినిపించుట, ఆదిభట్ల నారాయణదాసుగారిని విజయనగరమునుండి పిలిపించి, పంచముఖి చూపి పది నిమిషములలో దిగుమని కోరుటవంటిది. తాళము మారి, మారినది మరల మారి, శ్రోత దారితప్పినంతనే చేయిపట్టి యింటికి తెచ్చుటలోనే యా సంగీతపు మర్మము కలదు. అందుకు వలసినది కాలము. ఉత్సవమున లేనిదియు నదియే.

ఇంతకును ఈ వివాదమును నేను బర్మింగ్‌హామునుండి నేర్చుకొనలేదు, ఈ లోయలోనే నేర్చితిని. అరకుచుట్టుపట్ల గ్రామములలో చైత్రమాసపు పండుగలకును పెండ్లిండ్లకును ఆడు ధింసాను చూచినవారికి అది సంగీతమో నృత్యమో విడదీసి చెప్పుట కష్టము. స్త్రీలు ఒకరి వెనుకనొకరు చేతులు చుట్టి, వీపులమీద పెనవేసికొని, ఒకే శరీరమువలె వంగుచు లేచుచు వలయముగా సాగుదురు. మోరి ఊదువాడును, తుడుము, డప్పు, కిరిడి వాయించువారును, జోడుకొమ్ములవారును ఆ వలయమునకు ఎదురుగా గాక దానితోనే కదలుదురు. గ్రామదేవత కొరకు ఆడు బోడ ధింసాలో నెమలీకల కుంచె పట్టినవాడు ముందునడువగా వరుస పామువలె మెలికలు తిరుగును; గొడ్డిబేట ధింసాలో ముందుకు వంగి లేచుదురు; పోతర్ తోలలో ఆకులు కోయుదురు; బాగ్ ధింసాలో కొందరు వలయము కట్టి నిలువగా మిగిలినవారు పులి వచ్చినట్లు లోపలినుండి పరువిడుదురు. ఒకదానినుండి మరియొకదానికి మారుట ఎవ్వరును ప్రకటింపరు. మోరి పలుకుబడి మారును, అడుగు మారును. సన్నని ఆ మోరినాదము, క్రింద తుడుము మ్రోగుచున్నంతసేపును, అలసటలేని యొక స్త్రీకంఠమువలె పైపైన తేలుచుండును. వినుటకు మొదలిడిన అరగంటకుగాని దాని రుచి తెలియదు. తెలిసినపిదప లేచిపోబుద్ధి కాదు.

ఇట్టి వలయమును తెచ్చి వేదికమీద నిలిపినచో ఏమగునో ఊహింపుడు. వేదికకు ముఖము కలదు, ధింసాకు ముఖము లేదు. ప్రేక్షకులకు వీపు చూపరాదని వలయమును విప్పి వరుసగా నిలుపుదురు. అంతతో సగము ధింసా పోయినది. పేరు చెప్పనక్కరలేని యొక ఉత్సవమున నేను చూచినది చెప్పుదును: తుడుముకు ముందు ఉపన్యాసకుని మైకు, మోరికి మైకే లేదు, ఒకపాట పూర్తికాకమున్నే తరువాతి సినిమాపాటల బృందమువారు తమ పెట్టెలను పరీక్షించుకొనసాగిరి, యాంకరమ్మ "మన గిరిజన సంప్రదాయానికి గట్టిగా చప్పట్లు" అని కోరగా జనము చప్పట్లుకొట్టిరి, గట్టిగానే. 2022 ఏప్రిలులో ఈ మన్యము అల్లూరి సీతారామరాజు పేరిట జిల్లాయైనపిదపను, 2025 జనవరి తుదిని ఆరంభమై మూడుదినములు జరిగిన చలి ఉత్సవమువంటి సంబరములు ఇచట వెలసినపిదపను, ధింసా లేని సభ ఈ లోయలో ఉండదు. సంతోషమే. అయితే అడుగడుగున ఉండుటయు, వినబడుటయు ఒకటి గావు.

ఇచట మావాడొక సవాలు విసరెను, దానికి జవాబు చెప్పక తప్పదు. "ఇక్కడి కుర్రాళ్లే పెళ్లికి డీజే పెట్టుకుంటున్నారు కదా మామయ్యా, నీకెందుకు బాధ?" నిజమే. అనంతగిరి ఘాటీలో ఎదురైన పెండ్లి ఊరేగింపున లారీమీది పెట్టెల ముందు ఎగురుచుండిన యువకులను నేనును చూచితిని. వారి ఆనందమున లోటేమియు కానరాలేదు. పట్నమునుండి వచ్చి, కొండవారు కొండపాటయే పాడవలెననుట ఒక విధమగు దొరతనము. డీజేను వెడలగొట్టుమని నేననను. ఆ పెట్టెలలో మ్రోగునది వారికి డప్పు సొంతమైనట్లే సొంతమగుచున్నది, కానిండు. నా తగవు ధ్వనితోను కాదు, వయస్సుతోను కాదు. పిలిచినవారెవరు, ఏమని పిలిచిరి అనుదానితో.

ఈ కొండలలో ఈ విషయమునకు పూర్వమునుండియు ఒక మర్యాద కలదు. ఒక గ్రామమువారు మరియొక గ్రామమునకు పోయి, ఆ యూరివారితో చేతులు కలిపి ధింసా ఆడుదురు. ఆటపిదప అందరును కలిసి భుజింతురు. వచ్చినవారు ఆడగా ఇంటివారు చూచుట యనునది లేదు, ఇంటివారును వరుసలో చేరుదురు. చేరవలెనన్న అడుగు తెలిసియుండవలెను. అనగా ఆహ్వానించువాడు ఆ కళను ఎరిగినవాడై యుండుట యా ఆహ్వానములోనే యిమిడియున్నది. ఈ కొలతతో చూచినపుడు దూరదేశపు ఉదాహరణములును తేటపడును. నెదర్లాండ్సులోని టిల్‌బుర్గ్‌లో జరుగు రోడ్‌బర్న్ ఉత్సవమువారు 2014లో కొంత కార్యక్రమమును ఎన్నుకొను భారమును స్వీడన్ దేశపు మెటల్ బృందమగు ఓపెత్ నాయకుడు మికాయెల్ ఓకెర్‌ఫెల్ట్‌కు అప్పగించిరి. ఆయన పిలిచినవారిలో, క్రిస్టియాన్ వాండెర్ అను డ్రమ్మరు 1969లో ఫ్రాన్సున నెలకొల్పి, తాను కల్పించిన భాషలోనే పాటలు కట్టిన మాగ్మా బృందము కలదు; ఇటలీ దేశపు గోబ్లిన్ కలదు; ఇంగ్లండున 1970 ప్రాంతమున వెలసి మరుగుపడిన కోమస్ కలదు. టిక్కెట్ల అమ్మకమును లెక్కించి పిలిచిన పిలుపు కాదది. యౌవనమున ఆ రికార్డులను అరుగదీసినవాడు, అడుగు తెలిసినవాడు, తన వరుసలోనికి వారిని పిలిచెను. మా మేనల్లుడు ఈమాటకు కొంతసేపు మాటాడలేదు.

జర్మనీలోని వాకెన్‌ది మరియొక తీరు. 1990లో ఆ పల్లెటూర మొదలై నేడు ప్రపంచపు మెటల్ అభిమానులకెల్ల తీర్థమైన ఆ ఉత్సవమును, ఊరి అగ్నిమాపకదళపువారి బాకాల మేళము వాయించి ఆరంభించుట వాడుకయైనది. నల్లచొక్కాల జనము ఆ మేళమునకు గంతులువేయుచు స్వాగతమిచ్చును. ఆ మేళము మెటల్ కాదు, ప్రోగ్రెసివ్ అసలే కాదు. ఐనను అచట దానిని ప్రశ్నించువారు లేరు, ఏలయన ఆ యూరు వారిది, వచ్చినవారు వారికి అతిథులు. మన లోయలో ఈ వరుస తలక్రిందులైనది. ఆతిథ్యమీయవలసిన కొండవారే అంశముల పట్టికలో ఒక అంశమై, పిలిచినపుడు వచ్చి, చెప్పినపుడు దిగి పోవుచున్నారు.

నల్లమలయు తూర్పుకనుమలలోనిదే కావున అచటి దర్శనం మొగిలయ్యగారి ముచ్చటను ఇచట చెప్పుట అప్రస్తుతము కాదు. పన్నెండుమెట్ల కిన్నెర వాయించు ఆయనను 2021లో భీమ్లా నాయక్ చిత్రపు పాటకొరకు సంగీతదర్శకుడు తమన్ పిలిపించినపుడు, ఇంత హోరులో ఆ కిన్నెర ఏమగునోయని నావంటివారు సందేహించిరి. పాట ఆయన గొంతుతోనే, కిన్నెరతోనే మొదలగును. హోరు పిదప వచ్చును. ఆ కొలది క్షణములలో తెలుగుదేశమంతయు ఆ వాద్యమును వినెను, మరుసటి యేడు ఆయనకు పద్మశ్రీ వచ్చెను. పెద్ద చప్పుడు ప్రక్కన చిన్న చప్పుడు బ్రతుకజాలదనుట సరికాదని దీనివలన తేలినది. దానికి చోటు కల్పించువాని చేతి చలువ యుండవలెను. (ఐనను కిన్నెర కథలను ఆయన నోట ఆమూలాగ్రముగ కూర్చుండి విన్నవారెందరో నాకు సందేహమే.)

కనుక మా మేనల్లునితో వాదమున నా పక్షమిది: జెత్రో టల్‌వారిని మెటల్ మైదానమునకు తప్పక పిలువవచ్చును, వారికి సాయంకాలమంత కాలమిచ్చి, ఏ పాట వాయింపవలెనో వారినే నిర్ణయించుకొననిచ్చి. అట్లే అరకు ఉత్సవమున ధింసాను వేదికమీదినుండి దింపి, ప్రక్కనున్న మైదానమున వలయము వలయముగనే ఆడనిచ్చి, గడియారమును వారి చేతికే ఇయ్యవలెను. కూడ ఆడగోరిన యాత్రికునికి రెండడుగులు నేర్పుటకు ఊరివారు వెనుదీయరు, నావంటి మోకాళ్లవానికిని ఓపికతో నేర్పిరి. సినిమాపాటలు వేదికమీద వేరే గంటలో మ్రోగవచ్చును.

వాడు తుదకు ఒక అభ్యంతరము మాత్రము విడువలేదు, అది పనివాని అభ్యంతరము. వేణువైనను మోరియైనను జంటబాస్ డ్రమ్ముల ప్రక్కన నిలువవలెనన్న మిక్సరు ముందు కూర్చున్నవాడు ఆ వాద్యపు గొంతును ముందే ఎరిగియుండవలెనట. లేనిచో మోరి పైస్థాయికి పోయినప్పుడెల్ల అది కీచుమనుచున్నదని భ్రమించి, దాని మీటను క్రిందికి దింపివేయునట. నేను చూచిన సభలో జరిగినది అదియే కావచ్చును. మోరి వాయించు ఇండ్ల పిల్లలలో పదవ తరగతి, ఇంటరు చదివినవారు ఇపుడు పాడేరులోను అరకులోను చాలమంది కలరు. వారిలో ఒకరిద్దరికి ఈ మిక్సరు పని నేర్పుటకు ఎంత వ్యయమగునని అడిగితిని. వ్యయము పెద్దది కాదట, తానే నేర్పునట; సెలవు దొరకుటయే కష్టమట.