పేరు పెట్టని బిడ్డ

నవంబరు రాత్రి. బయట వాన, లోపల కొడిగట్టిన కొవ్వొత్తి. ఇంగోల్‌స్టాట్‌లో చదువుకుంటున్న విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ రెండేళ్లపాటు నిద్రాహారాలు మాని తయారుచేసిన ప్రాణి కళ్లు తెరిచింది. అది చూసి విక్టర్ ఏం చేశాడు? పారిపోయి పడగ్గదిలో దూరాడు.

మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అనగానే, సినిమాల పుణ్యమా అని, ఉరుములూ మెరుపులూ పెద్ద పెద్ద యంత్రాలూ గుర్తొస్తాయి. పుస్తకంలో ఆ రాత్రి అవేవీ ఉండవు. ప్రాణం ఎలా పోశాడో విక్టర్ చెప్పనే చెప్పడు. అంతటి ప్రయోగం నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఏమైందన్నదే మిగతా కథంతా. దేనికెంత చోటిచ్చారో చూస్తే చాలు, రచయిత్రి ఎవరిని నిలదీస్తున్నారో తెలుస్తుంది.

సైన్సు ఆమెకు తెలియని సంగతేం కాదు. 1803లో లండన్‌లో జొవాన్నీ ఆల్దీని, ఉరితీసిన ఒక ఖైదీ శవానికి కరెంటు పెడితే దవడ అదిరింది, ఒక కన్ను తెరుచుకుంది. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున, ఎడతెగని వానల్లో, కవులు బైరన్, పెర్సీ షెల్లీ ఇలాంటి విషయాలే మాట్లాడుకుంటుంటే పద్దెనిమిదేళ్ల మేరీ వింటూ కూర్చున్నారు. అంతకు ముందు ఏడాదే, నెలలు నిండకుండా పుట్టిన ఆమె తొలిచూలు ఆడపిల్ల కొద్ది రోజులకే పోయింది. ఆ పాపను చలిమంట దగ్గర ఒళ్లు రుద్దితే మళ్లీ బతికినట్టు కల వచ్చిందని ఆమె డైరీలో రాసుకున్నారు. చనిపోయిన వాళ్లను బతికించుకోవాలన్న ఆశ ఎంత బలమైనదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే కాబోలు, ఆ ఆశ పడినందుకు విక్టర్‌ని ఆమె అంతగా తప్పుపట్టలేదనిపిస్తుంది.

తప్పు వేరేచోట ఉంది. విక్టర్ తమ్ముడు విలియం హత్యకు గురవుతాడు. నేరం ఆ ఇంట్లోనే పెరిగిన జస్టీన్ మీద పడుతుంది. చంపింది తను ప్రాణం పోసినదేనని విక్టర్‌కి తెలుసు. చెబితే పిచ్చివాడంటారని నోరు మెదపడు. జస్టీన్‌ని ఉరితీస్తారు. శవాలకు ప్రాణం పోయడం కంటే ఈ మౌనమే ఘోరం.

రచయిత్రిగా మేరీ పనితనం ఇక్కడే చూడాలి. విక్టర్ వదిలేసిన బాధ్యతను ఆమె తీసుకున్నారు. నవల నడిమధ్యలో, మోఁ బ్లాఁ మంచుకొండల్లో, ఆ ప్రాణి చేతనే దాని కథ చెప్పించారు. ఒక పేదకుటుంబం మాటలను గోడ సందులోంచి విని భాష నేర్చుకోవడం, కవి మిల్టన్‌ని చదవడం, వాళ్ల ముందుకు వెళ్లి దెబ్బలు తినడం, అన్నీ అదే చెబుతుంది. విన్నాక దాన్ని రాక్షసి అని కొట్టిపారేయడానికి మనసొప్పదు. 1931 సినిమాలో ఆ ప్రాణిగా బోరిస్ కార్లాఫ్ ఎంత గొప్పగా నటించినా, ఆ పాత్రకు మాటల్లేవు. గుర్రుమనడమే. నవలకు అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరగలేదు.

విక్టర్ ఆ ప్రాణికి పేరైనా పెట్టలేదు. 1818లో 500 ప్రతులతో వచ్చిన తొలి ముద్రణ మీద రచయిత్రి పేరూ లేదు. 1823 ముద్రణలో మేరీ పేరు వేశారు. 1831లో నవలను సవరించి, అది ఎలా పుట్టిందో చెబుతూ ఆమె కొత్తగా ముందుమాట రాశారు. అనాకారి బిడ్డే అంటూనే, అదంటే తనకు మమకారమని అందులో చెప్పుకున్నారు.