కంచు ఫలకాలూ, కాటన్ గుర్రమూ

శాస్త్రజ్ఞుణ్ణి శిల్పంలో ఎలా చూపించాలి? కవి చేతికి తాటాకూ గంటమూ, రాజు చేతికి కత్తీ, భక్తుడి చేతికి తంబురా యిస్తే చూసేవాడు వెంటనే గుర్తుపడతాడు. శాస్త్రజ్ఞుడి చేతికి యేమివ్వాలి? గాజుగొట్టం యిస్తే మందుల దుకాణం మనిషి అనుకోవచ్చు. పుస్తకం యిస్తే బడిపంతులనుకోవచ్చు. ఇది శిల్పుల యిబ్బంది మాత్రమే అని తోసిపుచ్చడానికి వీల్లేదు. విజ్ఞానం ఎలా పుడుతుందని ఒక సమాజం అనుకుంటున్నదో, దాన్ని ఎవరి సొత్తుగా లెక్కగడుతున్నదో యీ యిబ్బందిలోనుంచే బయటపడుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో యీ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో చెప్పుకోదగ్గది ఒకటి వాషింగ్టన్ నగరంలో వున్నది. అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు భవనాన్ని బెర్ట్రం గుడ్‌హ్యూ అనే వాస్తుశిల్పి రూపొందించాడు. 1924లో దానికి ప్రారంభోత్సవం జరిగింది. ముఖభాగంలో కిటికీల వరసల నడుమ లీ లారీ అనే శిల్పి తయారుచేసిన కంచు ఫలకాలు బిగించారు. గ్రీకుల కాలంనుంచి ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల దాకా విజ్ఞానానికి పునాదులు వేసినవాళ్లూ, దాన్ని ముందుకు నడిపినవాళ్లూ వాటిమీద ఊరేగింపుగా నిలబడి వుంటారు. వాకిలి తలుపులు కూడా కంచువే. వాటిమీది ఎనిమిది ఫలకాల్లో అరిస్టాటిల్ మొదలు పాశ్చర్ వరకు విజ్ఞాన చరిత్రలోని ఘట్టాలు వున్నాయి.

ఇవి విగ్రహాలు కావు; గోడకు వీపు ఆన్చి సగం పైకి లేచే ఉబ్బెత్తు శిల్పాలు. విగ్రహానికీ ఉబ్బెత్తు శిల్పానికీ తేడా లోతులో మాత్రమే వున్నదనుకోవడం పొరపాటు. విగ్రహం చుట్టూ ఖాళీ వుంటుంది. కింద దిమ్మ వుంటుంది. మనిషిని మనుషుల్లోనుంచి విడదీసి ఎత్తుమీద నిలబెట్టడం దాని పద్ధతి. ఉబ్బెత్తు శిల్పానికి గోడ కావాలి. గోడ వుంటే పొడవు వుంటుంది, పొడవు వుంటే పక్కమనిషి వుంటాడు, పక్కమనిషి వుంటే ముందేం జరిగింది, తరవాతేం జరిగింది అన్న కథ వుంటుంది. ఒకరు వదిలిన చోట యింకొకరు అందుకొనే పని అయిన విజ్ఞానానికి ఏకాకి విగ్రహంకంటే గోడశిల్పమే నిజానికి దగ్గర. లారీ యీ సంగతి గ్రహించాడు. అతని ఫలకాల్లో ఏ మహానుభావుడూ ఒంటరివాడు కాడు, వరసలో ఒకడు.

కాని ఆ వరస ఎవరిది? అంతా నాయకులదే. కటకాలు అరగదీసినవాళ్లు, నక్షత్రాల లెక్కలు తెల్లవార్లూ కూర్చి పెట్టినవాళ్లు, గనుల్లో రాయి పగలగొట్టి శిలాజాన్ని బయటికి తీసినవాళ్లు ఆ ఊరేగింపులో లేరు. విజ్ఞానంవల్ల బతికినవాళ్లూ లేరు. ఒక మేధావి యింకొక మేధావికి దివిటీ అందిస్తున్నాడు. కింద దారి ఎవరు వేశారో ఫలకం చెప్పదు. కిటికీల నడుమ వున్నది వ్యక్తుల వరస, తలుపులమీద వున్నవి ఘట్టాలు. శిల్పవిషయంగా తలుపులు పట్టిన దారే మేలని నా అభిప్రాయం. ఘట్టమంటే పని. పని అనగానే చేతులు వస్తాయి, పనిముట్లు వస్తాయి, అడ్డంకి వస్తుంది.

గోడమీద కథ చెప్పడం తెలుగువాళ్లు పడమటినుంచి నేర్చుకోవలసిన విద్య కాదు. అమరావతి స్తూపానికి తాపిన సున్నపురాతి పలకల్లో దేవతలూ రాజులే కాదు, బరువులు మోసేవాళ్లు, ఏనుగును చూసి బెదిరినవాళ్లు, గుంపులో తోసుకుంటూ తొంగిచూసేవాళ్లు వున్నారు. అక్కడి ఒక పలక దాత విధికుడనే చర్మకారుడు. అతని పేరు శాసనంలో వున్నది. చెప్పులు కుట్టే కులంవాడి పేరు మహాస్తూపంమీద చెక్కడానికి ఆనాడు అభ్యంతరం రాలేదు. ఆ పలకల్లో మంచివి చాలా భాగం లండన్‌కూ మద్రాసుకూ చేరాయి. మన కళ్లముందు మిగిలింది దిమ్మమీది విగ్రహం.

ఇక మన గోదావరి సంగతి. డెల్టాలో శాస్త్రవిజ్ఞానానికి స్మారకం అనగానే కనిపించేది సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం దగ్గర గుర్రంమీద వున్నాడు, కాలువగట్ల మీద, ఊళ్ల కూడళ్లలో టోపీ పెట్టుకొని నిలబడి వున్నాడు. ఏటా మే 15న జయంతినాడు దండలు పడతాయి. కొన్ని కంచువి, ఎక్కువ సిమెంటువి; వాటికి రంగులు వేసే తీరు చూస్తే దొరగారు అప్పుడే పెళ్లికి బయలుదేరినట్టుంటారు. ఈ గౌరవాన్ని ఎగతాళి చేయడం నా వుద్దేశం కాదు. రైళ్లకంటే కాలువలకు డబ్బు పెట్టమని వాదించి పై అధికారులతో తగవు పెట్టుకున్న ఇంజనీరు అతను. కంపెనీ ప్రభుత్వం శిస్తు కోసమే ఆనకట్ట కట్టించిందన్నది నిజమే. ఆ నీటితో జనం బతికారన్నది కూడా అంతే నిజం. రెంటిలో ఒకటి మరిచినవాడికి చరిత్ర అర్థం కాదు.

నా అభ్యంతరం ఆ గుర్రంతో. గుర్రం సేనానిది, జయించినవాడిది. కాటన్ సైన్యపు ఇంజనీరే గనక గుర్రం అబద్ధం కాదు. కాని అతను చేసిన పనిని అది చెప్పదు. ఆ పని ఎలాంటిది? 1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన డెల్టాను తుడిచిపెట్టాయి. గోదావరి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నది పాయలకు అడ్డంగా ఆనకట్ట వేశారు. అడుగున రాతినేల లేదు, అంతా ఇసుక. వదులు ఇసుకలో పునాది నిలబెట్టే కిటుకు కావేరిమీద చోళులనాటి కల్లణైను చూసి నేర్చుకున్నదేనని కాటన్ తానే ఒప్పుకున్నాడు. అంటే ఈ ఇంజనీరింగులో పేరు తెలియని తమిళ పనివాళ్ల తెలివి కలిసి వున్నది. ఆ నాలుగైదేళ్లూ పనిని వెంటవుండి నడిపించినవాడు వీణెం వీరన్న. రాయి కొట్టినవాళ్లు, మోసినవాళ్లు, వరద ముంచుకొచ్చేలోపల కట్ట పూర్తిచేయడానికి ఇసుకలో నిలబడినవాళ్లు వేలమంది.

ఇదంతా ఒక గుర్రంమీదికి ఎక్కుతుందా? ఎక్కదు. పదడుగుల కంచు ఫలకంమీద ఎక్కుతుంది. కొలపరికరం దగ్గర వంగిన కాటన్, పక్కన వీరన్న, వెనక రాళ్ల బండి, ఒక మూల కల్లణై ఛాయ. అప్పుడు చూసేవాడికి కాటన్ తగ్గడు. అతనికి మనుషులు తోడవుతారు. ఆనాటి ఆనకట్ట స్థానంలో కట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజికి కాటన్ పేరే పెట్టారు. అంత పొడవైన కట్టడంలో అలాంటి ఫలకానికి చోటు లేదని ఎవరూ అనలేరు.

హైదరాబాదు టాంక్‌బండ్‌మీద 1986లో నిలబెట్టిన కంచు విగ్రహాల వరస చూడండి. కవులు, వాగ్గేయకారులు, రాజులు, సంస్కర్తలు, నటులు. తెలుగుజాతి తన్ను తాను ఎలా తలుచుకుంటున్నదో అక్కడ తెలుస్తుంది. శాస్త్రసాంకేతికాల తరఫున నిలబడ్డవాడు కాటన్ ఒక్కడే, ఆయన ఆంగ్లేయుడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు ఆ వరసలో చోటు దొరకలేదు.

సుబ్బారావు గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎక్కువగా కన్నీటి వ్యాసాలు. పేదరికం, 1923లో అమెరికా ప్రయాణం, ఆసుపత్రిలో రాత్రికూలి, మళ్లీ తిరిగిరాకుండానే 1948లో మరణం. ఇవన్నీ నిజాలే. కాని ఆయన పనిని గోదావరి జిల్లాలు తమదిగా చెప్పుకోవడానికి పుట్టుకకంటే బలమైన కారణం వున్నది. అది బోదకాలు. తరతరాలుగా మన పల్లెల్లో బోదకాలు దైవశాపంగా, వూరి ఎగతాళిగా చెలామణీ అయింది. అది దోమ మోసుకొచ్చే సన్నని పురుగు చేసే పని. మురుగునీరు నిలిచినచోట ఆ దోమ పెరుగుతుంది. కాటన్ కాలువలు మాగాణికి నీళ్లిచ్చాయి. ఆ నీరు వాడుకయ్యాక బయటికి పోయే దారి మాత్రం పల్లపు డెల్టాలో నేటికీ చిక్కే. భూస్వామి పొలానికి నీరు ముందు చేరింది. మురుగు కూలివాడ గుమ్మంలో నిలిచింది.

ఆ పురుగుమీద పనిచేసే మందు, హెట్రజాన్ అన్నది, 1947లో లెడర్లీ ప్రయోగశాల ప్రకటించింది. అక్కడ పరిశోధనను నడిపినవాడు సుబ్బారావు. పరిశోధకుల జట్టు మొదట కాటన్ ర్యాట్ అనే అమెరికా ఎలుకలమీద పరీక్షలు చేసింది. (ఆ ఎలుకకూ మన దొరకూ చుట్టరికం లేదు.) ఫోలిక్ ఆమ్లం తయారీ, రక్తకేన్సర్ చికిత్సకు దారితీసిన మందులు కూడా ఆయన నడిపిన జట్ల కృషే. కీర్తిని సహచరులకు వదిలి తాను వెనక నిలబడేవాడని ఆయనను ఎరిగినవాళ్లందరూ చెప్పారు. అలాంటి మనిషిని దిమ్మమీద ఒంటరిగా నిలబెట్టడం ఆయన స్వభావానికే విరుద్ధం. మన దేశంలో 1955లో బోదకాలు నియంత్రణ కార్యక్రమం మొదలయింది. 2004 నుంచి ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రల్లో వున్నది ఆ మందే. మాత్ర మింగినవాళ్లలో భీమవరంవాడి పేరు విన్నవాళ్లు ఎందరుంటారు?

దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రానికి రాజమహేంద్రవరంలో ఒక శాఖ వున్నది. బోదకాలు గురించిన పరిశోధన, శిక్షణ దాని పనుల్లో ముఖ్యం. కాకినాడలో 1958 నుంచి రంగరాయ వైద్యకళాశాల వున్నది. ఇలాంటి భవనాల గోడలు బోర్డులకూ, నాయకుల ఫొటోలకూ మాత్రమే ఎందుకు? మందుకు లేని డబ్బు బొమ్మకెందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే డెల్టాలో విగ్రహాలకు డబ్బు ఎన్నడూ కరువు కాలేదు. ఎన్నికల ముందు కరువు కానేకాదు. ఖర్చు ఎంతన్నది కాదు, ఎవరిమీద, ఏ రూపంలో అన్నదే తగవు.

ఫలకం వేయించేవాళ్లు లారీని అనుకరిస్తే మాత్రం మళ్లీ మహాపురుషుల ఊరేగింపే తయారవుతుంది. అరిస్టాటిల్ స్థానంలో నాగార్జునుడు, పాశ్చర్ స్థానంలో సుబ్బారావు, అంతే తేడా. శిల్పి అమరావతి గుంపును చూడాలి. మురుగుకాలువ, దోమ, వాచిన కాలు చాపుకొని గడపలో కూర్చున్న ముసలమ్మ, ఎలుకల బోనుల ముందు జట్టు, ఆ జట్టులో ఒకడుగా సుబ్బారావు, చివర మాత్ర అందించే ఆరోగ్య కార్యకర్త చెయ్యి. వాచిన కాలిని అందంగా దాచిపెట్టే శిల్పికి ఈ పని అప్పగించకూడదు. అసహ్యం పుట్టేటట్టు చూపించేవాడికీ అప్పగించకూడదు. ఆ ముసలమ్మ మనవరాలు ఆ గోడముందు నిలబడి చూడగలగాలి.

ఇంకొక చిన్న విషయం. వాషింగ్టన్ ఫలకాలు కిటికీల నడుమ, మనిషి చేతికి అందని ఎత్తులో వున్నాయి. అదే ఆవరణలో 1979లో పెట్టిన ఐన్‌స్టయిన్ కంచు విగ్రహం మెట్లమీద కూర్చొని వుంటుంది. పిల్లలు దాని ఒళ్లోకి ఎక్కుతారు, చేతులు తగిలినచోట కంచు మెరుస్తుంది. మన ఫలకాన్ని కూడా మందుకోసం బల్లమీద కూర్చున్నవాడికి చెయ్యి అందే ఎత్తులో బిగించాలి. కింద రాత తెలుగులో వుండాలి. దాంట్లో శంకుస్థాపన చేసిన మంత్రి పేరుకంటే కంచు పోసినవాళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో వుండాలి.