లేదని నిరూపించడం: బూల్ నుంచి మినీటెస్ట్ దాకా

ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో కొత్తగా తెరచిన క్వీన్స్ కాలేజీకి 1849లో తొలి గణితాచార్యుడుగా వచ్చిన జార్జ్ బూల్, 1854లో ఆలోచనా నియమాలపై తన ప్రసిద్ధ గ్రంథాన్ని వెలువరించాడు. అతని బీజగణితంలో ‘క’ ఒక వర్గమైతే, ఒకటిలోంచి ‘క’ను తీసివేయగా మిగిలినదే ‘క కానిది’. ఆ రెంటి లబ్ధం సున్న. ఏ వస్తువూ ఏకకాలంలో రెండూ కాజాలదు. అంటే నిషేధం అతనికి ఒక తీసివేత.

రూబీ భాషలో ప్రోగ్రాములను పరీక్షించే చిన్న లైబ్రరీ మినీటెస్ట్. అందులోని ‘రెఫ్యూట్’ ఈ సంప్రదాయానికి వారసురాలు. షరతు నిజమైతే ‘అసర్ట్’ అంగీకరిస్తుంది; కాకపోతే ‘రెఫ్యూట్’ అంగీకరిస్తుంది. లోపల జరిగే పని స్వల్పం: షరతును తిరగేసి అసర్ట్‌కు అప్పగించడమే. ‘సమానం కాదు’, ‘ఇందులో లేదు’ అనే పరీక్షలకూ ఇదే క్రియతో పేర్లున్నాయి. ‘కాదని రూఢి చేయి’ అనే మెలిక మాటకు బదులు ‘ఖండించు’ అనడం చదువరికి హాయి. ఈ పొదుపు మెచ్చుకోదగినది.

చిక్కు అర్థంలో ఉంది. రూబీలో అసత్యంగా చెల్లేవి రెండే: ‘ఫాల్స్’, ‘నిల్’. సున్న అక్కడ సత్యంగానే చెల్లుతుంది. బూల్ చూస్తే విస్తుపోయేవాడు. అంతకన్నా ప్రమాదకరమైనది నిల్. రోగికి పెన్సిలిన్ పడదా అన్న ప్రశ్నకు ‘పడుతుంది’ అన్న జవాబు వచ్చినా, ఎవరూ అడగనందువల్ల గడి ఖాళీగా ఉన్నా, రెఫ్యూట్ ఒకే తీరుగా ఆమోదిస్తుంది. అలెర్జీల జాబితా పొరపాటున ఖాళీగా వచ్చినా ‘ఇందులో పెన్సిలిన్ లేదు’ అన్న పరీక్ష నెగ్గుతుంది. తెలియకపోవడం లేకపోవడంగా చెలామణి అవుతుంది.

ఈ తేడాను మన తార్కికులు ఎన్నడో గుర్తించారు. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో అభావాన్ని ఏడవ పదార్థంగా చెప్పి నాలుగు విధాలుగా విభజించాడు. అభావాన్ని ఏ ప్రమాణం పట్టిస్తుందన్న విషయంలో నైయాయికులకూ భాట్ట మీమాంసకులకూ పేచీ ఉంది. కనబడనంత మాత్రాన లేదనడం చెల్లదన్న చోట మాత్రం లేదు. కుండ ఉండి ఉంటే కనబడి తీరాలి. అప్పుడే కనబడకపోవడం దాని అభావానికి సాక్ష్యం. చీకటి గదిలో కనబడకపోవడం దేనికీ సాక్ష్యం కాదు.

కాబట్టి లోపం రెఫ్యూట్‌ది కాదు, దానిని ఒంటరిగా వాడడంలో ఉంది. జాబితా నిండుగా వచ్చిందని ముందు అసర్ట్‌తో నిర్ధారించి, ఆపైన ఖండించాలి; నిల్‌కు తావున్న చోట జవాబు ఫాల్స్‌కు సమానమేనని సూటిగా అడగాలి. బూల్ తీసివేత నేర్పాడు. దీపం వెలిగించాకే వెతకాలన్నది తర్కశాస్త్రం చేర్చిన షరతు.