నిషిద్ధ గ్రహము - మానవ స్వభావము

విద్య గలిగినచో మనుష్యుడు మంచివాడగునని సంస్కరణాభిమానులమైన మనమందఱమును నమ్ముచున్నాము. పాఠశాలలు స్థాపించుటకును, గ్రంథాలయములు నడుపుటకును, స్త్రీలకు చదువు చెప్పించుటకును ఆధారమైనది ఈ నమ్మకమే. ఇది మంచి నమ్మకము. దీనివలన కలిగిన మేలు కొలువరానిది. కాని దీనిని కడవఱకు పరీక్షించినవారు అరుదు. అజ్ఞానమంతయు తొలగి, రోగమును, నేరమును, అన్యాయమును లేని సంఘమేర్పడిన పిమ్మట మనుష్యుని హృదయములో ఏమి మిగులును? ఈ ప్రశ్నను సూటిగా వేసిన చలనచిత్రమొకటి కలదు. ఆ చిత్రము చెప్పిన సమాధానమును, మానవ స్వభావమును గూర్చి బైబిలు చెప్పిన మాటను ప్రక్కప్రక్కన నుంచి చూచుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

చిత్రము పేరు 'ఫర్బిడెన్ ప్లానెట్'. దానిని 'నిషిద్ధ గ్రహము' అని మనము చెప్పుకొనవచ్చును. అమెరికాలో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థవారు 1956లో విడుదల చేసిరి. దర్శకుడు ఫ్రెడ్ విల్కాక్స్. చిత్రకథను సంభాషణలతో కూర్చినవాడు సిరిల్ హ్యూమ్. ఆకాశనౌకలు, యంత్రమానవుడు, విద్యుత్పరికరములతో లూయీ బారన్, బెబే బారన్ దంపతులు కల్పించిన వింత ధ్వనులు - వీనినిబట్టి ఇది కేవలము బాలుర వినోదమని తలచువారు కలరు. ఆ తలంపు తొందరపాటు. కథ పైకి విచిత్రముగా నున్నను, దాని లోపలి విషయము మిక్కిలి ప్రాచీనమైనది.

కథ యిట్లున్నది. ఆల్టైర్ నక్షత్రమును చుట్టివచ్చు నాలుగవ గ్రహమునకు బెల్లెరోఫాన్ అను నౌకలో కొందఱు పండితులు పోయిరి. ఇరువది సంవత్సరములైన పిదప వారి యోగక్షేమములు తెలిసికొనుటకై ఆడమ్స్ అను నాయకుని క్రింద మఱియొక నౌక వచ్చెను. అప్పటికి మిగిలినవారు ఇద్దఱే: భాషాశాస్త్రవేత్తయగు డాక్టరు మోర్బియస్, ఆ గ్రహముమీదనే పుట్టి పెరిగిన అతని కుమార్తె ఆల్టైరా. తక్కినవారు భూమికి మరలిపోవ నిశ్చయించిరి. మోర్బియసును అతని భార్యయు మాత్రము ఒప్పుకొనలేదు. ఆ పిమ్మట కంటికి కానరాని శక్తి యేదియో వారినొక్కొక్కరినే చీల్చి చంపెను. మిగిలినవారు నౌకనెక్కి పోబోగా నౌకయే ఆవిరియైపోయెను. మోర్బియసు భార్య తరువాత సహజమరణము నొందినది. ఇది మోర్బియసు స్వయముగా చెప్పిన వృత్తాంతము. అతడు అబద్ధమాడలేదు, అతనికి తెలిసినదంతయు అంతియే.

ఆ గ్రహమున పూర్వము క్రెల్ అను జాతివారుండిరి. జ్ఞానమునందే గాక నీతియందును వారు మానవులను మించినవారు. రోగమును, ఉన్మాదమును, నేరమును, అన్యాయమును తమలో లేకుండ చేసికొనిరి. అనగా మన సభలలో మనము చేయు తీర్మానములన్నియు వారికి నెఱవేరినవి. అట్టి జాతి రెండు లక్షల సంవత్సరములకు పూర్వము ఒక్క రాత్రిలో సమూలముగ నశించెను. వారి కట్టడములు నేలమీద నిలువలేదు గాని, భూగర్భమునందు ఇరువది మైళ్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల యంత్రమొకటి నేటికిని తనంతట తాను పనిచేయుచున్నది. దానికి 7,800 అంతస్తులు. ఆ యంత్ర ప్రయోజనమేమో మోర్బియసునకు చిరకాలము బోధపడలేదు. అతడు క్రెల్ జాతివారి విద్యాయంత్రమునకు తల యొగ్గి, ఒక పగలు ఒక రాత్రి స్మృతిదప్పి పడియుండి, లేచునప్పటికి తన బుద్ధిబలము రెండింతలైనట్లు కనుగొనెను.

భూగర్భయంత్ర రహస్యము కడపట వెల్లడియగును. తలచిన మాత్రమున, చేతితో పనిలేకుండ, గ్రహమున నెచ్చటనైనను తలచినదానికి రూపము కల్పించుట దాని పని. క్రెల్ జాతివారు ఒక్కటి మఱచిరి. మనస్సు తలచునది మేలుకొనియున్నప్పుడు మాత్రమే కాదు, నిద్రించునప్పుడును తలచును. పగలు అడగియున్న ద్వేషములు, అసూయలు ఆ రాత్రి రూపము దాల్చి బయటికి వచ్చినవి. నాగరికులైన ఆ జనులు తమ హృదయములలోని భూతములచేతనే హతులైరి. బెల్లెరోఫాన్ జనమును చంపినదియు మోర్బియసు మనస్సునుండి పుట్టినదే. పోవుదుమన్నవారిమీద తనకు గల కోపమును అతడెఱుగడు, యంత్ర మెఱిగినది.

ఇక బైబిలును చూతము. మానవుని గూర్చి అందు రెండు మాటలున్నవి; రెండును విడదీయరానివి. దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెనని ఆదికాండము మొదటి అధ్యాయము చెప్పుచున్నది. ఆ నరుని హృదయాలోచనలు చెడుగువైపే మొగ్గినవని అదే గ్రంథము ఆరవ అధ్యాయమున వాపోవుచున్నది. హృదయమంత మోసకరమైనది మఱియొకటి లేదని యిర్మీయా ప్రవక్త చెప్పెను. మనుష్యుని అపవిత్రపఱచునది వెలుపలినుండి లోపలికి పోవునది కాదనియు, హృదయమునుండి వెడలివచ్చునదే యనియు ఏసుక్రీస్తు బోధించినట్లు మార్కు సువార్త ఏడవ అధ్యాయమున నున్నది. కొండమీది ప్రసంగమునందు ఆయన ఇంకను ముందునకు పోయి, నరహత్యకు విధించిన తీర్పులోనికి కోపమును గూడ తెచ్చెను.

ఈ కడపటి బోధ చదువరులకు కఠినముగ తోచుట సహజము. కోపించినవాడును చంపినవాడును ఒకే తీర్పునకు లోనగుట న్యాయమా యని అడుగవచ్చును. కోపమునకును హత్యకును నడుమ మనకు ఎన్నియో అడ్డంకులున్నవి: శిక్షాభయము, లోకాపవాదము, చాలని బలము, దొరకని అవకాశము. వీనిలో మన సుగుణమెంత? ఈ అడ్డంకులన్నిటిని తీసివేసినచో మనమేమి చేయుదుమన్నదే క్రీస్తు ప్రశ్న. క్రెల్ యంత్రము చేసిన పనియు సరిగా అదియే. తలంపునకును క్రియకును నడుమనున్న దూరమును అది తుడిచివేసినది. ఒక ధర్మబోధను తెఱమీద ఇంత ప్రత్యక్షముగ చూపించిన చిత్రము వేఱొకటి మేమెఱుగము. దీనిని తీసినవారు ఆ యుద్దేశముతోనే తీసిరని మేము చెప్పుట లేదు. కథ సత్యమును పట్టుకొని పోయినందున అచ్చటికి చేరినది.

అయితే చిత్రమును బైబిలును ఇచ్చట వేఱగుచున్నవి. చిత్రము ఈ భూతమునకు 'ఇడ్' అని పేరు పెట్టినది. ఇది 1923లో ఫ్రాయిడ్ తన గ్రంథమున వివరించిన భావమునకు ఆంగ్లమున వాడు మాట: బుద్ధికి అడుగున, మంచిచెడ్డల నెఱుగక, కోరుటయే స్వభావముగా గలిగిన అంశము. చిత్రము దీనిని ఆదిమ మృగాంశముగ గ్రహించినది. అనగా దోషము మనలోని మనుష్యునిది కాదు, మనలో మిగిలియున్న మృగమునిది. బైబిలు ఈ యోదార్పు నీయదు. హిబ్రూ గ్రంథకర్తలకు హృదయమనగా ఉద్రేకములకు మాత్రమే స్థానము కాదు. ఆలోచించునది, నిశ్చయించునది గూడ అదియే. మనలోని దోషము మన యుత్తమాంశమునందును వ్యాపించియున్నదని వారి మతము. మోర్బియసు చరిత్రయే దీనికి సాక్ష్యము. తోడివారిమీద అతనికి కోపము కలిగినది ఆకలిచేత కాదు, కామముచేత కాదు; శాస్త్రజ్ఞానముమీది ప్రేమచేత. తాను కనుగొన్న విద్యనుండి తన్ను వేఱుచేయుదురను భయముచేత. ఏ మృగమునకును ఇట్టి కోపము రాదు. ఇది పండితుని పాపము. కథ చెప్పిన సత్యము, కథలోని సిద్ధాంతముకంటె లోతైనది.

తాను కోరు మంచిని చేయజాలక, కోరని చెడును చేయుచున్నానని రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు మొఱపెట్టుకొనెను. ఎవరు త్రోయగా మనుష్యుడు ఇష్టములేకయే పాపము చేయుచున్నాడని భగవద్గీత మూడవ అధ్యాయమున అర్జునుడు అడిగెను. దేశములు వేఱు, మార్గములు వేఱు, అనుభవమొక్కటే. కావున ఇది ఒక మతమువారికి మాత్రమే సంబంధించిన చర్చయని మన పాఠకులు త్రోసివేయరాదు.

చిత్రమునందలి యంత్రమానవుడు రాబీ ఈ విషయమున గొప్ప నిదర్శనము. నరుని హింసింపరాదను నియమమును మోర్బియసు వాని నిర్మాణమునందే పొందుపఱచెను. ఆడమ్సును కాల్చుమని పరీక్షార్థము ఆజ్ఞాపింపగా, ఆ యాజ్ఞకును ఆ నియమమునకును నడుమ చిక్కుకొని రాబీ స్తంభించిపోయెను. తాను చేసిన బొమ్మలో ధర్మమును చెక్కగలిగినవాడు తన హృదయములో చెక్కుకొనలేకపోయెను. మనుష్యుడు కూడ అట్టి యంత్రమైనచో పాపముండదు, మంచితనమును ఉండదు. తప్పు చేయలేనివానిని నిర్దోషియందుము గాని నీతిమంతుడనము. బైబిలు మానవునికి స్వాతంత్ర్యమును అంగీకరించుటచేతనే అతనిని తీర్పునకు నిలువబెట్టుచున్నది. ఆ తీర్పులో కఠినత్వమున్నది. గౌరవము కూడ ఉన్నది.

ఆల్టైరా విషయమున మాత్రము చిత్రము పొరపడినదని మా యభిప్రాయము. ఆమె ఉద్యానవనమున మృగములు సాధువులై తిరుగును. ఆమె ఆడమ్సును ప్రేమించినంతనే, ఆమె యొడిలో ఆడుకొను పులియే ఆమెపైకి దూకినది. ఏదెను తోట కథను దృష్టియందుంచుకొని ఇట్లు కల్పించిరనుట స్పష్టము. కాని ఆదికాండమున స్త్రీపురుషుల అనురాగము పతనమునకు కారణము కాదు. పతనమునకు పూర్వమే వారొకరికొకరు తోడుగా ఈయబడిరి. అచ్చటి అపరాధము దేవతలవలె కావలెనను ఆశ. ఆ ఆశ గలది తండ్రికి. శిక్ష పడినది కూతురి తోటకు. ఆడుపిల్ల మనస్సు వికసించుటయే అపాయమని సూచించు కథలు మనకు చాలనే యున్నవి, ఇంకొకటి యక్కఱలేదు.

అయినను, అదే కుమార్తెద్వారా చిత్రము గృహస్థులందఱకు ఒక హెచ్చరిక చేయుచున్నది. లోకమెఱుగకుండ ఆమెను పెంచి, దానిని సంరక్షణయని మోర్బియసు తలచెను. "నేను వీరితో పోయెద" నని ఆమె నిశ్చయించిన రాత్రి ఆ భూతము తండ్రి యింటిమీదికే వచ్చెను. ఈ మాఱు దానికి కుమార్తెయు శత్రువే. తాను ప్రేమయని పిలిచినదానిలో ఆధిపత్యమెంత యున్నదో అతనికి ఆ క్షణమువఱకు తెలియదు. ఇది ఆకాశమునకు పోయి నేర్చుకొనవలసిన పాఠము కాదు. కూతురి చదువును, వివాహమును తన పరువుతో ముడివేసికొను ప్రతి తండ్రి యింటనే దీనిని చూడవచ్చును.

తలుపునొద్దకు వచ్చిన భూతమును గాంచినప్పుడు కయీను కథ మాకు స్ఫురించినది. తమ్మునిపై అసూయతో కుములుచున్న కయీనుతో, పాపము వాకిట పొంచియున్నదనియు, దానిని అతడే ఏలవలెననియు దేవుడు చెప్పెను. అతడు వినక హేబెలును చంపెను. మోర్బియసు వాకిటనున్న దట్టమైన లోహకవాటము ఎఱ్ఱనై కరగుచున్నది. భూతమును చంపుమని రాబీకి ఆజ్ఞయిచ్చిన వ్యర్థము. అది తన యజమానుడే యని గుర్తించి యంత్రమానవుడు చేష్టలుడిగి నిలిచెను. అప్పుడు ఆడమ్సు బలవంతముచేత మోర్బియసు నిజమును ఒప్పుకొనెను: తలుపవతల నున్నది తానే. అతడు దానికెదురుగా పోయి, దానిని త్యజించుచున్నానని కేకవేసి, నేలకొరగెను. షేక్స్పియరు రచించిన 'టెంపెస్టు' నాటకముతో ఈ కథకు గల పోలికను విమర్శకులు పెక్కురు గుర్తించిరి. అందును ప్రాస్పెరో కడపట వికారరూపుడైన కాలిబన్‌ను తనవానినిగా అంగీకరించును. చిత్రమునకంతటికి శిఖరము ఈ యొప్పుకోలే. 'ఇడ్' అని పేరుపెట్టి ప్రక్కకు నెట్టినంతకాలము భూతము బలమొందినది. "నాది" యన్నంతనే దాని బలముడిగినది. ఇచ్చట చిత్రము ఫ్రాయిడును విడిచి, పశ్చాత్తాపమును బోధించిన ప్రవక్తల దరికి చేరినది.

ఆ తరువాతి ముగింపు ఈ శిఖరమునకు తగినది కాదు. మోర్బియసు మరణించును, గ్రహము బ్రద్దలగును. పది లక్షల సంవత్సరములకు మానవజాతియు క్రెల్ జాతి నిలిచిన చోటికి చేరుననియు, మనము దేవుళ్లము కామని మోర్బియసు పేరు అప్పుడు జ్ఞాపకము చేయుననియు ఆడమ్సు కుమార్తెను ఊరడించును. వినయము మంచిదే, కాని జ్ఞాపకముంచుకొనుట మాత్రము చాలునా? క్రెల్ జాతికి జ్ఞాపకశక్తి తక్కువయా? యంత్రమును నాశనము చేసినంతనే హృదయము మారునా? బైబిలు ఇచ్చట వేఱుమాట చెప్పుచున్నది. రాతిగుండెను తీసివేసి క్రొత్త హృదయము నిచ్చెదనని యెహెజ్కేలు ప్రవక్తద్వారా దేవుడు వాగ్దానము చేసినట్లున్నది. ఆ వాగ్దానమును నమ్ముట నమ్మకపోవుట పాఠకుల యిష్టము. కాని వ్యాధిని ఇంత చక్కగా గుర్తించిన చిత్రము, చికిత్సను అడుగనైన అడుగక ముగియుట లోపమే.

దీనినిబట్టి విద్య వ్యర్థమని మేము చెప్పుట లేదు. అజ్ఞానియైన క్రూరుడు విద్యావంతుడైన క్రూరునికంటె మేలని చెప్పుట గొప్ప అవివేకము. విద్య మన చేతిని పొడిగించును. ఆ చేతిని నడుపు హృదయమును శోధించుకొను పని మాత్రము విద్య మనకు బదులుగా చేయదు. దురాచారములు మన వెలుపలనే యున్నవని తలచి వానితో పోరాడువాడు, పోరాటములోనే తన గర్వమును, ద్వేషమును పోషించుకొనవచ్చును. మోర్బియసు దుష్టుడు కాడు. నిష్కళంకుడనని నిశ్చయముగ నమ్మిన పండితుడు. ఆ నిశ్చయమే తలుపు కాపలాను ఎత్తివేసినది. సంఘమును సంస్కరింప బూనినవారు ప్రతిదినమును తమ వాకిట పొంచియున్నదేమో ఒక్క క్షణము తొంగి చూచుకొనుట మంచిది.