వ్యవసాయ పట్టభద్రుని జమాఖర్చులు

ఈఏపీసెట్ ఫలితములు వెలువడిన నాటినుండి కళాశాలలలో చేరికలు ముగియువరకును, గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి గ్రామములలోని తలిదండ్రులనేకులు, బైపీసీ చదివి వైద్యవిద్యలో స్థానము లభింపని తమ సంతానమును వెంటబెట్టుకొని వచ్చి, బాపట్లలో చదువుకొని వ్యవసాయశాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొన్న నాబోటివారిని అడుగు ప్రశ్న యొక్కటే: “ఏవండీ, మా పిల్లని అగ్రికల్చర్ బీయెస్సీలో చేర్పిస్తే పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?” విద్యను ధనముతో తూచరాదని మందలించుట తేలిక; కాని ఎకరము మిరపకు లక్షరూపాయలకు పైబడి మదుపు పెట్టి, యార్డులో ధర పలుకునో పలుకదో యని నిద్రలేక గడపు కుటుంబమునకు, నాలుగేండ్ల చదువును గూర్చి లెక్క అడుగు హక్కు మరెవ్వరికన్నను అధికముగా కలదు. కావున ఆ లెక్కను నేను వారితోగూడ కూర్చుండి కాగితము మీద వేయుదును. వేసినప్పుడెల్ల, జమలో ఉండవలసిన అతిపెద్ద అంకె మరియొకరి పుస్తకములో చేరియుండుట చూచుచు వచ్చితిని.

మొదట ఖర్చు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు స్వంత కళాశాలలో స్థానము దొరికినవారికి రుసుము సామాన్య రైతు భరింపదగినంతయే. అనుబంధములైన ప్రైవేటు కళాశాలలలో నది పలురెట్లగును. హాస్టలు, మెస్సు, ఆపైన బ్యాంకు పరీక్షకో సర్వీసు కమిషను పరీక్షకో హైదరాబాదులో శిక్షణ, ఇవి కనబడు ఖర్చులు. కనబడనిది కాలము. పదవ తరగతి ముగియగానే పాలిటెక్నిక్కులో చేరి రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా పొందిన పిల్లవాడు, ఇంటరు రెండేండ్లును డిగ్రీ నాలుగేండ్లును చదివిన వానికంటె నాలుగేండ్లు ముందుగా సంపాదనలో పడగలడు. 2019లో గ్రామ సచివాలయములకు వ్యవసాయ సహాయకులను నియమించినపుడు డిగ్రీవారును డిప్లొమావారును అర్హులే యగుటచే, ఇరువురకును ఒకే బల్ల, ఒకే జీతము లభించెను. ఆ నాలుగేండ్ల సంపాదనను ఖర్చువైపు వ్రాయు తలిదండ్రులు అరుదు.

విశ్వవిద్యాలయ ప్రవేశములలో నూటికి నలుబది స్థానములు రైతుబిడ్డలకు ప్రత్యేకింపబడినవి. పల్లెలో చదివియుండుట, కుటుంబమునకు కనీసము ఎకరము భూమి యుండుట అందులకు నిబంధనలు. ఉద్దేశ్యము ఉత్తమమైనది. కాని మా సీమలో మిరపచేను దున్ని, నాటి, మందుకొట్టి, కాయ కోయించువాడు పెక్కుచోట్ల కౌలుదారు. పాసుపుస్తకము వేరొకరి పేర నుండును. బడి సెలవులన్నియు చేనిలోనే గడపిన ఆ కౌలుదారు బిడ్డ రైతుబిడ్డల వరుసలో నిలువజాలకున్నది. ఈ నిబంధనను సవరింపనిదే ఆ నలుబది స్థానములకు న్యాయము జరుగదని నా దృఢాభిప్రాయము.

ఇక జమ. 2019 అక్టోబరులో సచివాలయములలో చేరిన సహాయకునకు ప్రొబేషనులో నెలకు 15,000 రూపాయలు. అదే డిగ్రీతో ఐబీపీఎస్ పరీక్ష నెగ్గి ప్రభుత్వబ్యాంకులో వ్యవసాయ క్షేత్రాధికారియైన వానికి ఆనాడు మూలవేతనమే 23,700, నేడు 48,480, భత్యములు వేరు. పురుగుమందుల కంపెనీలలో చేరినవాని రాబడి అమ్మకపు లక్ష్యములతో ముడివడి యుండును. పంటకు మిక్కిలి సమీపమున నిలిచినవానికి తక్కువ, పంటమీది అప్పును కొలుచువానికి ఎక్కువ, పంటమీద చల్లు మందును అమ్మువానికి అమ్మినకొలది: ఇదియే మన సమాజము వ్యవసాయ పట్టమునకు కట్టిన వెల.

మిరప ఆకు ముడుచుకొనుట మా రైతులందరు ఎరిగినదే. అంచులు పైకి ముడుచుకొన్నచో తామర పురుగు. అంచులు క్రిందికి ముడుచుకొని, తొడిమ సాగినచో నల్లి. ఆకులు చిన్నవై, మొక్క గిడసబారినచో వైరసు. మొదటిదానిని పై ముడతయనియు, రెండవదానిని క్రింది ముడతయనియు అందురు. నల్లికి సాధారణపు పురుగుమందు పనిచేయదు, నల్లిమందే కావలెను. అంతటితో ఆగదు, సింథటిక్ పైరిత్రాయిడు జాతి మందులు కొట్టినచో నల్లిని తిను మిత్రకీటకములు నశించి నల్లి మరింత ప్రబలును. వైరసునకు ఏ మందును లేదు. మొదటనే మొక్కను పెరికి, దానిని వ్యాపింపజేయు పురుగును అదుపు చేయుటయే మార్గము. ఆకును తిరగవేసి చూచి ఈ మూడింటిలో ఏదో చెప్పుటకు ఐదు నిముషములు చాలును. కాని ఆ ఐదు నిముషముల వెనుక కీటకశాస్త్రము, తెగుళ్ల శాస్త్రము చదివిన సంవత్సరములున్నవి, చివరి యేడు రావెప్ పేర పల్లెలో మకాముండి రైతుల వెంట చేలు తిరిగిన నెలలున్నవి.

ఊహకొక లెక్క వేయుదము. ఒక గ్రామమున వేయి యెకరముల మిరప యున్నదనియు, మందును కూలియు కలిపి ఒక్క పిచికారికి ఎకరమునకు 1,500 రూపాయలగుననియు అనుకొందము. ఆ ఐదు నిముషముల సలహావలన ఏడాదిలో ఒక్క పిచికారి అనవసరమని తేలి మానివేయబడినచో, గ్రామమునకు మిగులు సొమ్ము 15 లక్షలు; అనగా ఆ ప్రొబేషను జీతమున సహాయకునకు నూరు నెలల వేతనము, ఎనిమిదేండ్ల పైమాట. ఇందులో ఒక్క పైసయైనను పట్టభద్రుని జమలో చేరదు. రైతు పుస్తకములో సైతము అది లాభముగా కనబడదు, కొట్టని మందునకు రసీదు ఉండదు గనుక. దానిని లెక్కించువారు ఒక్కరే: ఆ ఏడు అమ్మకము తగ్గిన దుకాణదారు.

వంగడములను సృష్టించినవారి సంగతియు నిట్టిదే. 1945లో బాపట్లలో కళాశాల వెలయుటకు పూర్వము ఆంధ్ర విద్యార్థులు వ్యవసాయశాస్త్రమునకై కోయంబత్తూరు పోవలసి యుండెడిది. 1964లో హైదరాబాదు కేంద్రముగా నేర్పడిన విశ్వవిద్యాలయము రాష్ట్రవిభజన పిదప గుంటూరు చెంత లాంలో తన కేంద్రమును నెలకొల్పుకొన్నది. ఆ లాం క్షేత్రమున పరిశోధన 1922 నుండియు సాగుచున్నది. అచ్చటి ఎల్.సి.ఎ. 334 మిరపను గుంటూరు యార్డులో ‘334’ అని అంకెతోనే వ్యవహరింతురు. అచ్చటి ఎల్.బి.జి. మినుములు కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణులకు రెండవ పంటను స్థిరపరచినవి. బాపట్ల వంగడము బీపీటీ 5204, సాంబ మసూరి, 1986లో విడుదలయై దక్షిణదేశపు భోజనశాలలను ఆక్రమించినది. వీనిని తయారుచేసినవారు నెలజీతములతో పదవీవిరమణ చేసిరి. వారి డిగ్రీ ఎంత సంపాదించినదని అడిగినచో ఏ జీతపు చీటి చూపి సమాధానము చెప్పగలము?

ఈ లెక్క తప్పినపుడు ఏమగునో మా సీమ 1987లో చవిచూచినది. 1980ల తొలిభాగమున వచ్చిన పైరిత్రాయిడులను ప్రత్తిపై విచ్చలవిడిగా కొట్టినందున మొదట తెల్లదోమ విజృంభించెను; 1987-88 పంటకాలమున శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగక గూడలను, కాయలను తొలిచివేసెను. లొంగనికొలది రైతు మరల మరల కొట్టెను, అప్పుమీద మందు తెచ్చి కొట్టెను. తుదకు గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతుల బలవన్మరణములు దేశమును కలచివేసినవి. నాడు పట్టభద్రులు లేకపోలేదు. లాం కూతవేటు దూరముననే యున్నది. లేనిది, మందు అమ్మకములో లాభము లేని మనిషి వచ్చి చేనిగట్టున నిలుచు ఏర్పాటు. 2021లో మిరపపూలలోనికి నల్ల తామర పురుగు దిగినపుడును, నీలిరంగు జిగురు అట్టలు కట్టుడని, వేపనూనె వాడుడని, తోచిన మందులెల్ల కలిపి కొట్టవలదని శాస్త్రజ్ఞులు చెప్పిన మాట గ్రామమునకు చేరుసరికి, పెక్కుమంది రైతులు దుకాణమిచ్చిన మిశ్రమములను అప్పటికే కొట్టియుండిరి.

ప్రభుత్వములు ఊరకున్నవని నేననను. పట్టభద్రులు స్వయముగా సలహాకేంద్రములు నడుపుకొనుటకు రుణమును సబ్సిడీయు నిచ్చు అగ్రిక్లినిక్ పథకము 2002లో వచ్చినది. మందుల దుకాణదారులకు హైదరాబాదులోని మేనేజ్ సంస్థ ఏడాది డిప్లొమాను 2003లో ప్రారంభించినది. 2015లో కేంద్రము పురుగుమందుల విక్రేతకు తగిన చదువుండవలెనని నియమము చేసినది. అయినను ఇవి విజ్ఞానమును దుకాణములోనికి కొనివచ్చినవేగాని దుకాణమునుండి విడదీయలేదు. సలహామాత్రము నమ్ముకొని, మందుల అర పెట్టక బ్రదుకుచున్న అగ్రిక్లినిక్కు నాకు మా సీమలో తటస్థపడలేదు. 2020లో రైతుభరోసా కేంద్రములు తెరచి సహాయకుని గ్రామములోనే నిలిపిన చర్య మెచ్చదగినది. కాని ఈ-క్రాప్ నమోదులు, ఎరువుల పంపిణీ, ఆజ్ఞమీద ఆజ్ఞగా వచ్చు సర్వేలు అతని పగటిని మ్రింగివేయుచుండగా, ఆకు తిరగవేసి చూచుటకు మిగులు సమయమెంత?

కావున తలిదండ్రులకు నేను చెప్పునది సూటిగా చెప్పెదను. ప్రభుత్వ కళాశాలలో స్థానము వచ్చినచో, పిల్లకు చేలలో తిరుగుట యందు ఇష్టమున్నచో, సందేహింపక చేర్పింపుడు. భూమి అమ్మి మాత్రము ఈ డిగ్రీని కొనకుడు, ఆ భూమి విలువ జీతముగా తిరిగిరాదు.

రైతులకు చెప్పవలసినది వేరు. పై చెప్పిన వేయి యెకరముల గ్రామము ఎకరమునకు 300 రూపాయల వంతున చందా వేసికొన్నచో ఏడాదికి 3 లక్షలు, నెలకు 25,000. మందులు అమ్మనని, కంపెనీల కమీషను పుచ్చుకొననని వ్రాసియిచ్చిన ఒక పట్టభద్రురాలిని నియమించుకొనుటకు అది చాలును. ఆ 300 ఒక్క పిచికారి ఖర్చులో ఐదవవంతు. “సలహాకి కూడా డబ్బులేంటండీ?” అని నాతో వాదించిన రైతులున్నారు, దుకాణమున ఉచితముగా లభించిన సలహాకు వారు డబ్బా ధరలో ప్రతిసారి మూల్యము చెల్లించుచునే యున్నారని నేను వారితో పట్టుపట్టి చెప్పుచున్నాను. జులై, ఆగస్టులలో మిరప నారు పోయుదురు. అంతకు పూర్వమే ఏ సహకార సంఘమైనను తన సభలో ఈ లెక్కను చదివించి, చందా యిచ్చుటకు పదిమంది రైతులను సమకూర్చినచో, తక్కినవారిని ఒప్పించుటకు ఇల్లిల్లు తిరుగు పనికి నేను వచ్చెదను.