రెండెకరాలూ నెలజీతమూ: ‘మా నాయన బాలయ్య’లో స్వయంకృషి

పేదరికంలో పుట్టి ఉన్నతస్థానానికి చేరినవారి ఆత్మకథలను వివరించడానికి తెలుగు విమర్శలో ‘స్వయంకృషి’ అనే మాట తరచుగా అక్కరకు వస్తుంది. వై.బి. సత్యనారాయణ ఆంగ్లంలో రచించగా 2011లో వెలువడి, అనంతరం పి. సత్యవతి అనువాదంలో తెలుగువారికి చేరిన ‘మా నాయన బాలయ్య’ను కూడా ఆ మాటతో ముగించడం సులభమే. తెలంగాణలోని ఒక మాదిగ కుటుంబం మూడు తరాలలో విశ్వవిద్యాలయ విద్య దాకా సాగించిన ప్రయాణం ఇందులోని వస్తువు. రచయిత రసాయనశాస్త్ర అధ్యాపకుడు. అయితే గ్రంథంలోని ఒక ఘట్టం ఈ సులభమైన పఠనాన్ని సాగనివ్వదు.

కుటుంబ పూర్వీకుడొకడు మెత్తని తోలుతో చెప్పులు కుట్టి నిజాంకు సమర్పించాడు. మెచ్చిన ప్రభువు 50 ఎకరాల భూమి ఇచ్చాడు. ఊరి దొర 2 ఎకరాలు వదిలి, తక్కినదంతా లాక్కున్నాడు. నైపుణ్యం, శ్రమ, ప్రభువు మెప్పు, ఫలితం అన్నీ ఉన్నాయి. విజయగాథ ఆ తరంలోనే పూర్తి కావలసింది. సంపాదించినదాన్ని నిలుపుకొనే అధికారం లేకపోవడంతో కాలేదు. ఇదే ఘట్టాన్ని దొర వైపునుంచి చూస్తే, ఆ 48 ఎకరాలు అతని వారసులకు పుట్టుకతో వచ్చిన ఆస్తి అవుతాయి. అక్కడి చదువులను ఎవరూ స్వయంకృషి అనరు. అనవలసిన అవసరమూ రాదు.

ఊరు విడిచి రైల్వేలో చేరిన తరాలు తమ పూర్వీకునికంటె ఎక్కువ కష్టపడినట్లు గ్రంథం చెప్పదు. వారికి నెలజీతం దొరికింది. అది దొర చేతికి అందని ఆదాయం. కొత్తచోట కులం మాసిపోలేదు, కాని బాలయ్య పట్టుదలకు కాలూనడానికి చోటు చిక్కింది. తార్నాకకు ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరొకవైపు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉన్నాయి. వాటి నడుమ దూరం కొద్దిపాటిదే. కార్మికుని ఇంటినుంచి అధ్యాపకుని గదికి చేరడానికి ఈ కుటుంబానికి తరాలు పట్టాయి. రచయిత సోదరుడు, ఉస్మానియా ఆచార్యుడు వై.బి. అబ్బాసాయులు 1978లో ఆంధ్రప్రదేశ్‌లోని షెడ్యూల్డు కులాల ఉన్నతవర్గంపై ఒక అధ్యయనం ప్రచురించడం ఇక్కడ గమనార్హం. ఇంటి అనుభవం పరిశోధనాంశంగా మారిన అరుదైన సందర్భమిది.

ఈ గ్రంథాన్ని పట్టుదల కథగా మాత్రమే బోధిస్తే, ఊళ్లోనే ఉండిపోయినవారంతా పట్టుదల లేనివారని పరోక్షంగా తీర్పు చెప్పినట్లవుతుంది. మొదటితరం విద్యార్థులు కూర్చున్న తరగతిలో ఆ తీర్పు ఎవరిమీద పడుతుందో ఊహించడం కష్టం కాదు. రచయిత స్వయంగా అలాంటి తీర్పుకు తావివ్వలేదు. భూమి లెక్కను దాచకుండా ముందుంచడమే ఇందుకు నిదర్శనం.

ఒక పరిమితి మాత్రం ఉంది. శీర్షిక మొదలుకొని కథనం తండ్రీకొడుకుల చుట్టూ తిరుగుతుంది. ఆ నెలజీతంతో ఇల్లు నడిపి, చదువులు సాగనిచ్చిన స్త్రీల శ్రమ చాలాచోట్ల నేపథ్యంగానే మిగిలిపోయింది. దానిని విడిగా పరిశీలించవలసి ఉంది.